హాషెక్ మహాశయుడూ, ఆయన వెర్రి సిపాయీ

యుద్ధం చెడ్డదని చెప్పదలచుకున్న రచయితలు సాధారణంగా పాఠకుణ్ణి ఏడిపిస్తారు. 1929లో పుస్తకంగా వెలువడిన రిమార్క్ జర్మన్ నవల అందుకు మంచి ఉదాహరణ. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, అదే మొదటి ప్రపంచ యుద్ధాన్ని తీసుకుని, మొదటి పుట నుంచీ నవ్విస్తూ ఒక పెద్ద నవల వ్రాయడానికి పూనుకున్న మహానుభావుడు ఉన్నాడు. ఆయనే చెక్ రచయిత యారొస్లావ్ హాషెక్. ఆయన కథానాయకుడు ష్వెయిక్ అనే మామూలు సిపాయి. సాహిత్య విద్యార్థులకు ఈ పేర్లు కొత్త కాకపోవచ్చు. కాని హాషెక్ జీవితం ఆయన నవల కంటే విచిత్రమైనది. ఒకటి తెలియకుండా రెండోది సరిగ్గా అర్థం కాదని నా అభిప్రాయం. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ నవలను నేను ఈ మధ్యనే పూర్తి చేశాను. సెసిల్ పారట్ 1973లో ప్రచురించిన ఇంగ్లీషు అనువాదం, ఏడు వందల పైచిలుకు పుటలు. తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి కాబట్టి నిఘంటువు పక్కన పెట్టుకుని నెల రోజులకు పైగా చదివాను. చదువుతున్నంతసేపూ నవ్వాను. మూసేశాక మాత్రం ఈ పుస్తకం నచ్చిందా అని హాస్టల్ మిత్రుడు అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. దానికి కారణం కొంత పుస్తకంలో ఉంది, కొంత మా ఊళ్ళో ఉంది.

మాది బేస్తవారిపేట. మార్కాపురం, కంభం, గిద్దలూరు, ఈ చుట్టుపక్కలంతా మెట్ట. కంభం చెరువు కింద పొలం ఉన్నవాళ్ళ సంగతి వేరు, మిగతావాళ్ళకు వానే దిక్కు. వాన లేకపోతే వలస. అందుచేత మా వైపు కుర్రాళ్ళు ఎందరికో సైన్యంలో కొలువు అంటే దేశభక్తీ, అన్నం ముద్దా రెండూను. తెల్లవారకముందే రోడ్ల వెంట పరుగులు తీస్తూ కనిపిస్తారు. మా పిన్ని కొడుకు కూడా ఇప్పుడు ఆ పరుగుల్లోనే ఉన్నాడు. మా మేనమామ హవల్దారుగా చేసి పింఛను పుచ్చుకుంటున్నవాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు సైన్యాన్ని చూసి నవ్వే పుస్తకం చదివితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ముందు ఆ నవ్వించినవాడి కథ చెబుతాను.

హాషెక్ 1883 ఏప్రిల్ 30న ప్రాగ్ నగరంలో పుట్టాడు. ఆనాడు చెక్ ప్రజలకు స్వంత రాజ్యం లేదు. వియన్నాలో కూర్చున్న ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తి పాలనలో ఉండేవారు. సైన్యంలో ఆజ్ఞల భాష జర్మన్, సిపాయి ఇంటి భాష చెక్. తండ్రి బడిలో లెక్కలు చెప్పే మాష్టారు. తాగుడుకు అలవాటు పడి 1896లో కన్నుమూశాడు. అప్పటికి హాషెక్ వయసు పదమూడేళ్ళు. తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని అద్దె ఇల్లు తరువాత అద్దె ఇల్లు మారుతూ వచ్చింది. కుర్రవాడు హైస్కూలు మానేసి మందుల దుకాణంలో పనికి కుదిరాడు. తరువాత వాణిజ్య విద్యాలయంలో చేరి 1902లో గట్టెక్కాడు. స్లావియా బ్యాంకులో ఉద్యోగం దొరికింది. మనవాళ్ళయితే బ్యాంకు ఉద్యోగం వచ్చిందని ఊరంతా మిఠాయిలు పంచేవారు. హాషెక్ మాత్రం చెప్పాపెట్టకుండా కొండలూ కోనలూ పట్టుకుని దేశాటనం పోయేవాడు. ఒకసారి ఊరుకున్నారు, మరోసారి ఉద్యోగం ఊడింది.

ఆ తరువాత కలమే ఆయనకు జీవనాధారం. పత్రికలకు చిన్న చిన్న హాస్య కథలు వందల సంఖ్యలో వ్రాశాడు. డబ్బు చేతిలో పడిందంటే సారాయి కొట్టులో ఖర్చయ్యేది. కొంతకాలం అరాచకవాదులతో తిరిగాడు. 1907లో పోలీసులతో జరిగిన గొడవలో జైలుకు కూడా వెళ్ళాడు. యార్మిలా అనే చదువుకున్న అమ్మాయిని ప్రేమించాడు. పిల్ల తండ్రి అందరు తండ్రుల్లాగే ఈ తిరుగుళ్ళు మాని స్థిరమైన ఉద్యోగం చూసుకోమన్నాడు. అప్పుడు దొరికినదే జంతు ప్రపంచం అనే పత్రికకు సంపాదకత్వం. ఉన్న జంతువుల గురించి వ్రాసి వ్రాసి విసుగెత్తి, లేని జంతువుల్ని పుట్టించడం మొదలుపెట్టాడు. పండితులు ఉత్తరాలు వ్రాశారు, యజమాని లబోదిబోమన్నాడు, ఉద్యోగం పోయింది. 1910లో పెళ్ళి మాత్రం జరిగింది. తరువాత కుక్కల వ్యాపారం పెట్టాడు. నాటు కుక్కలకు మేలుజాతి వంశవృక్షాలు అల్లి అమ్మేవాడని చెబుతారు. నవలలో ష్వెయిక్ సైన్యంలోకి వెళ్ళక ముందు చేసే వృత్తి సరిగ్గా ఇదే.

1911 ఎన్నికల్లో ఒక రాజకీయ పక్షమే స్థాపించాడు. చట్టం హద్దుల లోపల మితంగా అభివృద్ధి చెందే పక్షమని దాని పేరు. సారాయి కొట్టులో సభలు, గాలిలో మేడలు కట్టే వాగ్దానాలు. నవ్వి పోయారు జనం. మన కాలంలో ఆ పక్షం ఉంటే కొన్ని ఓట్లు తప్పకుండా పడేవని నాకు అనిపిస్తుంది! అదే సంవత్సరం చార్లెస్ వంతెన మీద నుంచి నదిలోకి దూకబోయాడని ఆయన్ని పట్టుకుని పిచ్చాసుపత్రిలో చేర్చారు. నిజంగా చావబోయాడో, నాటకమాడాడో నేటికీ తేలలేదు. ష్వెయిక్ మొదటిసారి చిన్న కథల్లో కనిపించింది కూడా ఆ ఏడాదే. 1912లో కొడుకు పుట్టాడు. కాపురం మాత్రం నిలవలేదు. భార్య పుట్టింటికి చేరింది. ఆ బిడ్డ తండ్రి ఒడిలో పెరగలేదు. హాషెక్ చేష్టలు చదివి ఎంత నవ్వుకున్నా, ఈ చోట నాకు నవ్వు రాలేదు.

1914లో యుద్ధం వచ్చింది. ఊరంతా గూఢచారుల భయంతో వణుకుతున్న సమయంలో హాషెక్ ఒక సత్రంలో దిగి, తాను రష్యన్ వర్తకుణ్ణని, ఆస్ట్రియా సేనాధిపతుల వ్యవహారాలు కనిపెట్టడానికి వచ్చానని రిజిస్టరులో వ్రాశాడట. పోలీసులు చుట్టుముట్టారు. తీరా చూస్తే తమకు బాగా తెలిసిన తాగుబోతు హాషెక్. యుద్ధ సమయంలో పోలీసులు మెలకువగా ఉన్నారో లేదో పరీక్షించానని వినయంగా జవాబిచ్చాడట. అయిదు రోజుల జైలుతో వదిలేశారు. ష్వెయిక్ మాట్లాడే పద్ధతి అంతా ఆ వినయంలోనే ఉంది.

1915లో ఆయన్నీ సైన్యంలోకి తీసుకున్నారు. 91వ పదాతి దళం. అక్కడ లుకాష్ అనే లెఫ్టినెంటు, సాగ్నర్ అనే అధికారి, వానెక్ అనే సరుకుల లెక్కలు చూసే సార్జంటు నిజంగా ఉండేవారు. నవలలో వాళ్ళ పేర్లు దాదాపు అలాగే ఉంచేశాడు. లుకాష్ దగ్గర నౌకరుగా ఉన్న సిపాయి ఒకడు ప్రతి విషయానికీ ఒక పిట్టకథ చెప్పేవాడట. ష్వెయిక్‌కు వాడి పోలికలు వచ్చాయంటారు. సెప్టెంబరు 24న హాషెక్ రష్యన్లకు పట్టుబడ్డాడు. తప్పించుకునే ప్రయత్నం పెద్దగా చేయలేదని అందరూ ఒప్పుకుంటారు. తొత్స్‌కొయె అనే చోట యుద్ధ ఖైదీల శిబిరంలో పడేశారు. అక్కడ టైఫస్ జ్వరంతో వేలమంది పోయారు. హాషెక్‌కూ జ్వరం వచ్చింది, బతికి బయటపడ్డాడు.

ఇక్కడి నుంచి కథ మరీ మలుపులు తిరుగుతుంది. 1916లో ఆస్ట్రియాకు వ్యతిరేకంగా పోరాడే చెక్ స్వచ్ఛంద దళంలో చేరాడు. 1918లో దాన్నీ వదిలి బోల్షివిక్కుల ఎర్రసైన్యంలో కలిశాడు. పాత దళం వాళ్ళు ద్రోహి అని అరెస్టు వారంటు జారీ చేశారు. బుగుల్మా అనే పట్టణంలో ఉప కమాండెంటుగా పనిచేశాడు. సైబీరియాలో ఇర్కుత్స్క్ దాకా వెళ్ళి పత్రికలు నడిపాడు, ఉపన్యాసాలిచ్చాడు. ఆ రెండేళ్ళూ తాగుడు ముట్టలేదంటారు. ఈయన పోయాడని స్వదేశంలో వార్తలు కూడా వచ్చాయి. 1920 డిసెంబరులో షూరా అనే రష్యన్ భార్యతో ప్రాగ్ చేరాడు. మొదటి భార్యకు విడాకులు ఇవ్వనేలేదు! అప్పటికి చెకొస్లొవాకియా స్వతంత్ర దేశం. కొందరికి ఈయన ద్రోహి, కొందరికి బోల్షివిక్, మిగతావాళ్ళకు అప్పులు తీర్చని మనిషి.

అటువంటి స్థితిలో 1921లో నవల మొదలుపెట్టాడు. ప్రచురించేవాళ్ళు లేక మిత్రుడితో కలిసి తానే చిన్న చిన్న భాగాలుగా అచ్చు వేయించి సారాయి కొట్లలో అమ్మించాడు. ఆ వేసవిలో లిప్నిత్సె అనే కొండ మీది పల్లెకు మకాం మార్చాడు. ఆరోగ్యం చెడింది. చేత్తో వ్రాయలేక, ఒక కుర్రవాణ్ణి జీతానికి పెట్టుకుని నోటితో చెబుతూ వ్రాయించాడు. మూడు సంపుటాలు పూర్తయ్యాయి, నాలుగోది సగంలో ఉండగా 1923 జనవరి 3న కన్నుమూశాడు. నలభై ఏళ్ళు కూడా నిండలేదు. యోసెఫ్ లాడా గీసిన బొమ్మలతో ఆ గుండ్రటి ముఖపు సిపాయి లోకమంతా తిరిగాడు. యాభైకి పైగా భాషల్లోకి వెళ్ళాడు. 1933లో హిట్లర్ మనుషులు తగలబెట్టిన పుస్తకాల్లో ఇదీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రెహ్ట్ ఇదే సిపాయిని హిట్లర్ కాలానికి తెచ్చి నాటకం వ్రాశాడు. 1961లో అమెరికాలో వచ్చిన హెల్లర్ నవల క్యాచ్-22కు ఇదే పెద్దన్న అని విమర్శకులు చెబుతారు.

ఇక నవల సంగతి. ఇది మనం అనుకునే నవల కాదు. ప్రేమకథ లేదు, చివర ముడి విప్పడం లేదు, అసలు చివరే లేదు. విచిత్రం ఏమంటే యుద్ధ నవలలో యుద్ధమే లేదు. ఏడు వందల పుటలు నడిచినా మన సిపాయి కందకం దాకా చేరడు. రైలు తప్పిపోవడం, జైలుకు పోవడం, ఆసుపత్రికి పోవడం, కుక్కను దొంగిలించడం, ఆఖరికి చెరువు గట్టున దొరికిన రష్యన్ యూనిఫారం సరదాకి తొడుక్కుని సొంత సైన్యం చేతిలోనే ఖైదీగా చిక్కడం. అక్కడికి రచయిత ఆయువు తీరింది.

ష్వెయిక్‌ను చూస్తే మనకు వెంటనే గుర్తొచ్చేది పరమానందయ్యగారి శిష్యులు. గురువు చెప్పింది అక్షరాలా పాటించి గురువు కొంప ముంచేవాళ్ళు వాళ్ళు. ష్వెయిక్ కూడా అంతే. ఆజ్ఞ ఏదైనా చిత్తం అంటాడు. చేశాక చూస్తే ఆజ్ఞ ఇచ్చినవాడే గోతిలో ఉంటాడు. రహస్య సంకేతాలకు ఆధారంగా అధికారులకు ఒక నవల రెండో సంపుటం ఇవ్వాలని పైనుంచి ఏర్పాటు. పంచే పని ష్వెయిక్ మీద పడింది. ఎవరైనా పుస్తకం మొదటి భాగం నుంచే కదా చదవాలి అనుకుని అందరికీ మొదటి సంపుటం ఇచ్చాడు. అధికారులు కూర్చుని సంకేతం విప్పుతుంటే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! అయితే పరమానందయ్య శిష్యులు నిజంగా అమాయకులు. ష్వెయిక్ అమాయకుడా, గడుసువాడా? సైన్యపు డాక్టర్లే వెర్రివాడని సర్టిఫికెట్ ఇచ్చారు, దాన్ని వాడు అందరికీ గర్వంగా చెప్పుకుంటాడు. చివరిదాకా హాషెక్ ఈ గుట్టు విప్పడు. మొదట ఇది నాకు విసుగనిపించింది. తరువాత ఆలోచిస్తే, విప్పితే నవలే ఉండదని తోచింది. వాడు గడుసువాడని తేలితే పై అధికారి శిక్షిస్తాడు, వెర్రివాడని తేలితే పాఠకుడు వదిలేస్తాడు. ఏదీ తేలకపోవడమే వాడికి రక్ష.

నవ్వు వెనుక ఉన్నది మాత్రం తేలిక విషయం కాదు. చక్రవర్తి పటం మీద ఈగలు వాలి పాడు చేశాయన్నందుకు సారాయి కొట్టు యజమానిని జైల్లో వేస్తారు. జబ్బు నటిస్తున్నారని అనుమానించి ఆసుపత్రిలో రోగుల కడుపులు గొట్టాలతో కడిగిస్తారు, నిజంగా క్షయ ఉన్నవాళ్ళను కూడా. తాగిన పాదిరీ సిపాయిలకు మోక్షం ప్రసాదిస్తాడు, తన నౌకరును పేకాటలో ఒడ్డి ఓడిపోతాడు. అలా పేకాటలో చేతులు మారినవాడే మన ష్వెయిక్. అన్నిటికంటే నన్ను పట్టి కుదిపింది మారెక్ అనే చదువుకున్న సిపాయి. రచయిత తన పోలికల్లోనే వాణ్ణి తీర్చాడు. లేని జంతువుల్ని పుట్టించి ఉద్యోగం పోగొట్టుకున్న కథ కూడా వాడికే అంటగట్టాడు. దళం చరిత్ర వ్రాయమని వాడికి పని అప్పగిస్తారు. వాడు యుద్ధానికి వెళ్ళకముందే ఎవరెవరు ఎక్కడ ఎంత వీరంగా చనిపోతారో వ్రాసి సిద్ధం చేసి, తోటి సిపాయిలకు చదివి వినిపిస్తాడు. నేను పగలబడి నవ్వాను. నవ్వుతూనే, పల్నాటి యుద్ధం దగ్గర నుంచీ మనం విన్న వీరగాథలన్నీ గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగిపోయాను.

ఇప్పుడు నచ్చని సంగతులు. పుస్తకం సాగదీత. ష్వెయిక్ చెప్పే పిట్టకథలు వందో పిట్టకథ దగ్గర చేదెక్కుతాయి. బూతు, దుర్గంధం అవసరానికి మించి ఉన్నాయి. ఆడవాళ్ళు మనుషులుగా కనిపించేది తక్కువ. అన్నిటినీ మించి, ఏ మనిషినీ రచయిత పూర్తిగా ప్రేమించడేమో అనే శంక ఒకటి నన్ను వదల్లేదు. ఎప్పుడూ తిండి ధ్యాసలో ఉండే బలోన్ అనే సిపాయి ఒక్కడి మీద మాత్రం కాస్త జాలి చూపించాడు.

సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మా మేనమామకు ఈ కథలు తెలుగులో చెప్పాను. రెండు సంపుటాల గొడవ విని ఆయన కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. పైనుంచి వచ్చే కాగితాల తమాషా ఏ దేశపు సైన్యంలోనైనా ఒకటేనన్నాడు. కాని జబ్బు నటించేవాళ్ళ అధ్యాయం దగ్గర ముఖం మారింది. మంచులో కాపలాకు ఒకడు ఎగ్గొడితే వాడి వంతు పక్కవాడు మోయాలని, ఆ పక్కవాడికి కూడా ఇంట్లో తల్లి ఉంటుందని అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. హాషెక్ పుస్తకంలోనూ దానికి జవాబు లేదు. నన్నడిగితే ఈ నవలకు ఇంతకంటే గట్టి విమర్శ ఏ పండితుడూ చేయలేడు.

అయితే ఒక తేడా మరచిపోకూడదు. ష్వెయిక్ మోసింది పరాయి చక్రవర్తి బరువు. మన చరిత్రలోనూ అలాంటి రోజులున్నాయి. అదే మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ చక్రవర్తి తరఫున పది లక్షలకు పైగా భారత సిపాయిలు సముద్రాలు దాటారు, డెబ్బై వేలకు పైగా తిరిగి రాలేదు. పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరికి మిలిటరీ మాధవరం అని పేరు వచ్చిందంటే ఆ యుద్ధాల్లోకి వెళ్ళినవాళ్ళ వల్లే. అప్పట్లో మా కంభం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. 1914 సెప్టెంబరులో ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు మీద గుండ్లు కురిపిస్తే జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయారు. ఎవరి తగవో, ఎందుకొచ్చిందో వాళ్ళకు ఎవరు చెప్పారు? ఫెర్డినాండ్ యువరాజును చంపేశారని పనిమనిషి చెబితే ష్వెయిక్ ఏ ఫెర్డినాండ్ అని అడుగుతాడు, తనకు ఆ పేరుగలవాళ్ళు ఇద్దరు తెలుసునంటాడు. అది వెర్రి ప్రశ్నలాగే ఉంటుంది. కాని కోట్ల మంది ప్రాణాల మీదికి వచ్చిన ఆ తగవులో, ఆ ప్రశ్న అడిగే హక్కు అందరికంటే వాడికే ఎక్కువ ఉంది.

మా మేనమామ కాపలా కాసింది తన దేశపు సరిహద్దు. ఆయన్ని చూసి ష్వెయిక్ నవ్వడు. మోక్షం అమ్మే పాదిరీని చూసి నవ్వుతాడు, చావుల జాబితా ముందే వ్రాసి పెట్టుకున్నవాణ్ణి చూసి నవ్వుతాడు. ఈ తేడా నవల నాకు సూటిగా చెప్పలేదు. మూడు సైన్యాల్లో తిరిగి, ఏ జెండా కిందా ఇమడలేక, కొండ మీది పల్లెలో పడక మీద నుంచి కథ చెప్పిన మనిషి జీవితం తెలిశాకే అర్థమైంది. హాషెక్‌ను ఆదర్శంగా పెట్టుకోమని నేనెవరికీ చెప్పను. భర్తగా, తండ్రిగా, ఉద్యోగిగా ఆయన దగ్గర నేర్చుకోదగింది ఏమీ లేదు. కాని పెద్దవాళ్ళు గంభీరంగా ముఖం పెట్టి చెప్పిన ప్రతి మాటకూ తల ఊపే ముందు ఒకసారి నిదానించడం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

మా తమ్ముడు సైన్యంలో చేరాలనే కోరుకుంటున్నాను. వాడి పరుగు వృథా కాకూడదు. వెళ్ళేటప్పుడు ఈ పుస్తకం వాడి పెట్టెలో పెడదామని ఉంది. కాకపోతే పైనుంచి ఆజ్ఞ రాకముందే చెప్పాలి, మొదటి సంపుటం నుంచే మొదలుపెట్టమని.